ఫైనల్ ఫాంటసీ 7 నింటెండోని వదిలేసి సోనీ దగ్గరికి ఎందుకు వెళ్ళింది? తెలిసినవాళ్ళు చెప్పండి

పాత_క్యాసెట్ (తెనాలి)
చిన్నప్పుడు వేసవి సెలవుల్లో టీవీకి తగిలించే వీడియో గేమ్ ఉండేది కదా, ఒకే క్యాసెట్లో బోలెడు ఆటలతో. అవన్నీ ఒకే కంపెనీవి అనుకునేవాణ్ణి. తీరా చూస్తే అందులో మారియో ఒక్కడే నింటెండో వాడు. కాంట్రా కొనామీది, బాంబర్‌మాన్ హడ్సన్‌ది, ప్యాక్‌మాన్ నామ్కోది. మనం ఆడిన పెట్టె 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో వారి ఫామికామ్‌కి నకలు. స్క్వేర్ కంపెనీ వారి ఫైనల్ ఫాంటసీ ఆటలూ అప్పట్లో నింటెండో మెషిన్లకే వచ్చేవి, ఏడోది మాత్రం సోనీ ప్లేస్టేషన్‌కి పోయింది. మరి ఇన్ని బయటి కంపెనీలను వెంట పెట్టుకున్న నింటెండో, 90ల్లో వాళ్ళను ఎలా పోగొట్టుకుంది? జపాన్‌లో ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?

ఓరుగల్లు_రైడర్
సింపుల్ అన్నా. సీడీ. ఎఫ్ఎఫ్ 7 (ఫైనల్ ఫాంటసీ 7) మూడు సీడీల ఆట. సీడీకి 650 ఎంబీ దాకా పడుతుంది, అప్పటి నింటెండో మెషిన్ నింటెండో 64, దాని క్యాసెట్లలో అన్నిటికంటే పెద్దది 64 ఎంబీ. వేరే దారేముంది?

టోక్యో_తెలుగోడు
అది సగమే బ్రో. నేనిక్కడ సెకండ్‌హ్యాండ్ షాపుల్లో పాత ఆటలు ఏరుకుంటుంటాను. ప్లేస్టేషన్ అరలో ఆర్పీజీలే (ఫైనల్ ఫాంటసీ లాంటి పెద్ద కథల ఆటలు) రెండు మూడు వరుసలుంటాయి. నింటెండో 64 అరలో మారియో, జేల్డా, రేసులు, కుస్తీలు. ఆర్పీజీ కావాలంటే వెతుక్కోవాలి. 1996 జూన్‌లో ఆ మెషిన్ జపాన్‌లో విడుదలైన రోజు దానికున్న ఆటలు మూడంటే మూడు, వాటిలో ఒకటి షోగి, అంటే వాళ్ళ చదరంగం! ధర కూడా చూడండి. మారియో 64 అప్పట్లో 9,800 యెన్‌లు. మూడు సీడీల ఎఫ్ఎఫ్ 7 ఏమో 6,800.

బాక్సాఫీస్_బాబాయ్
నాకు ఆటలు రావు, మా అబ్బాయి కోసం చదువుతున్నా. కానీ ఈ లెక్క నాకు బాగా తెలిసిన లెక్కలాగే ఉంది. మేము సినిమా మినిమం గ్యారంటీకి కొనేవాళ్ళం. డబ్బు ముందే కట్టాలి, హాలు నిండినా నిండకపోయినా నిర్మాత సేఫ్, మునిగేది మేమే. ఈ క్యాసెట్లు కూడా అలాంటివేనా?

టోక్యో_తెలుగోడు
కరెక్ట్‌గా పట్టుకున్నారు బాబాయ్! క్యాసెట్లు నింటెండోయే తయారుచేయించేది. ఆట తీసినవాడు ఇన్ని కావాలని ముందే ఆర్డరిచ్చి, డబ్బు కట్టి, వారాల తరబడి ఆగాలి. తక్కువ చెప్పాడా, గిరాకీ ఉన్నప్పుడు సరుకుండదు. ఎక్కువ చెప్పాడా, గోడౌన్ నిండా మిగులు. సీడీ చవక, అయిపోతే రోజుల్లో మళ్ళీ కొట్టించుకోవచ్చు. సోనీ గెలిచింది ఇక్కడే అని నా అభిప్రాయం.

నామ్కో కథ అయితే ఇంకా ముందునుంచీ ఉంది. 1984లోనే ఫామికామ్‌కి వచ్చినవాళ్ళు కాబట్టి వాళ్ళకు మంచి షరతులు, సొంతంగా క్యాసెట్లు చేసుకునే వీలూ ఉండేవి. 1989లో ఒప్పందం ముగిశాక నింటెండో ఆ సౌకర్యం తీసేసింది. నామ్కో అధిపతి నకమురా బహిరంగంగానే మండిపడ్డారు. ఐదేళ్ళకు ప్లేస్టేషన్ వచ్చిన రోజున పక్కన నిలబడిన ఆట ఎవరిది? నామ్కో వారి రిడ్జ్ రేసర్. వాళ్ళ ఫైటింగ్ ఆట టెక్కెన్‌నైతే ప్లేస్టేషన్ ఆధారంగా చేసిన ఆర్కేడ్ (గేమ్ సెంటర్ మెషిన్) బోర్డు మీదే తీశారు. పాత బాకీ వడ్డీతో సహా తీర్చుకోవడమంటే ఇదే.

సాటర్న్_ప్రేమికుడు
మా సెగాని ఎవరూ తలుచుకోరేం? వాళ్ళ మెషిన్ సాటర్న్ 1994 నవంబర్ 22న వచ్చింది, ప్లేస్టేషన్ కంటే 11 రోజులు ముందు. జపాన్‌లో నింటెండో 64కి ఏమాత్రం తీసిపోలేదు. కాకపోతే లోపల రెండు ప్రాసెసర్లు, ప్రోగ్రామర్లకు చుక్కలు చూపించేది. 1996 జనవరిలో ఎఫ్ఎఫ్ 7తో స్క్వేర్, సరిగ్గా ఏడాదికి ఇంకో పెద్ద ఆర్పీజీ డ్రాగన్ క్వెస్ట్ 7తో ఎనిక్స్ కంపెనీ, ఇద్దరూ సోనీవైపు ఉన్నామని ప్రకటించారు. ఆ రెండు పేర్లూ ఒకవైపు చేరాక జపాన్‌లో ఇక పోటీ ఏముంది? మా సాటర్న్ ఆర్పీజీ గ్రాండియా కూడా 1999లో అటే పోయింది. ఇప్పటికీ మండుతుంది నాకు.

ఓరుగల్లు_రైడర్
అయితే పెద్ద పేర్లను కొనేస్తే చాలన్నమాట?

సాటర్న్_ప్రేమికుడు
చాలదు తమ్ముడూ. మైక్రోసాఫ్ట్‌ని చూడు. 2006లో తన మెషిన్ ఎక్స్‌బాక్స్ 360 కోసం బ్లూ డ్రాగన్ అనే ఆర్పీజీ తెచ్చింది. తీసింది ఫైనల్ ఫాంటసీ సృష్టికర్త సకగుచి, బొమ్మలు డ్రాగన్ క్వెస్ట్ బొమ్మలు గీసిన తొరియామా, సంగీతం ఫైనల్ ఫాంటసీకి పాటలు కట్టిన ఉయెమత్సు. ఇంతకంటే ఏం కావాలి? అయినా జపాన్ ఇళ్ళలోకి ఆ మెషిన్ పెద్దగా వెళ్ళలేదు. పెద్ద ఆట ఒకటి వస్తే సరిపోదు, దాని వెనక చిన్నా చితకా కంపెనీలన్నీ వరుస కట్టాలి.

టోక్యో_తెలుగోడు
మళ్ళీ ఆ వరుస కట్టింది నింటెండో దగ్గరే! డ్రాగన్ క్వెస్ట్ 9 నింటెండో చేతి మెషిన్ డీఎస్‌కి వచ్చింది, 2009లో. సోనీ చేతి మెషిన్ పీఎస్పీని నిలబెట్టిన మాన్‌స్టర్ హంటర్ ఆట నింటెండో 3డీఎస్‌కి మారింది. ఎక్కువ చేతుల్లో ఏ మెషిన్ ఉంటే అటే వెళ్ళారు.

పాత_క్యాసెట్ (తెనాలి)
ఇప్పుడర్థమైంది. నేను ఎఫ్ఎఫ్ 7 మొదటిసారి ఆడింది స్విచ్‌లో. 2019 మార్చిలో వచ్చింది అందులోకి. 1997లో విడుదలైన ఆట నింటెండో మెషిన్ మీదికి రావడానికి 22 ఏళ్ళు పట్టిందని మీ మాటలు చదివాకే లెక్కేసుకున్నా. బాబాయ్, మీ అబ్బాయి చదివాడా ఇదంతా?

బాక్సాఫీస్_బాబాయ్
చదివాడు. స్విచ్ కొనమంటున్నాడు.