పాలపన్ను పుచ్చితే వైద్యం చేయించాలా, పీకించేయాలా?

చిన్నూ వాళ్ళ అమ్మ, తెనాలి:
మా బాబుకి ఐదున్నరేళ్ళు. కింది దవడలో అన్నిటికన్నా వెనకాల ఉన్న పన్ను పుచ్చింది. నాలుగు రోజులుగా అర్ధరాత్రి లేచి ఏడుస్తున్నాడు. క్లినిక్‌లో చూపిస్తే నరం దాకా వెళ్ళింది, రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలి, ఎనిమిది వేలవుతుంది అన్నారు. పైన ముందు పన్ను మీద చిన్న మచ్చ ఉంటే దానికీ ఫిల్లింగ్ అన్నారు. మా అత్తయ్యగారేమో "ఊడిపోయే పన్నుకి ఎనిమిది వేలేంటమ్మా, పీకించెయ్, ఏడాదిలో కొత్తది వస్తుంది" అంటున్నారు. మా ఆయనా ఆవిడ వైపే. పీకించడానికి నాకు మనసు ఒప్పట్లేదు, కానీ ఎందుకో చెప్పమంటే నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఖమ్మం నాన్న:
మీ అత్తయ్యగారి మాట కొట్టిపారేయకండి. మా పాపకి ఆరేళ్ళప్పుడు కింద ముందు పన్నుకి నరం వైద్యం చేయాలన్నారు. టెన్షన్‌లో ఒప్పేసుకున్నాం. నేనూ, మా ఆవిడా, నర్సూ కలిసి పాపని కుర్చీలో అదిమి పట్టుకున్నాం. అది కెవ్వున ఏడుస్తుంటే నా చేతులు వణికాయి. మూడు నెలలు తిరక్కుండానే ఆ పన్ను తనంతట తనే ఊడి చేతికొచ్చింది. ఇప్పుడు పాపకి తొమ్మిదేళ్ళు, ఈనాటికీ తెల్లకోటు కనిపిస్తే నా వెనక దాక్కుంటుంది. మన చిన్నప్పుడు పన్ను ఊడితే పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసిరేవాళ్ళం, అంతే. పాలపళ్ళకి వైద్యం పేరుతో తల్లిదండ్రుల భయాన్ని సొమ్ము చేసుకుంటున్నారని నా గట్టి నమ్మకం.

పిల్లల పళ్ళ డాక్టర్, విశాఖ:
ఖమ్మం సోదరా, మీ పాపకి జరిగింది తప్పే. ఆరేళ్ళకి కింది ముందు పళ్ళు ఊడటం మామూలు. ఊడబోయే పాలపన్ను వేరు మెల్లగా కరిగిపోతుంది. ఎక్స్‌రే తీసి, అది ఎంత కరిగిందో చూసి ఉంటే ఆ వైద్యం మొదలుపెట్టేవాళ్ళే కాదు.

కానీ తెనాలి అమ్మ అడిగింది వెనక దవడపన్ను గురించి. పాలపళ్ళు ఇరవై ఉంటాయి, అన్నీ ఒకేసారి ఊడవు. ముందు పళ్ళు ఆరు, ఏడేళ్ళకి కదిలితే, చివరి దవడపన్ను పది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అంటే ఈ బాబుకి అది ఇంకో ఐదారేళ్ళ పని చేయాల్సిన పన్ను. "ఏడాదిలో కొత్తది వస్తుంది" అన్న లెక్క దీనికి కుదరదు.

ఇంకో సంగతి. ఆరేళ్ళ ప్రాంతంలో దాని వెనక మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. అది ఏ పాలపన్నునీ ఊడగొట్టకుండా వస్తుంది కాబట్టి చాలామంది అమ్మానాన్నలు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. దానికి ముందున్న ఈ పాల దవడపన్నుని ఇప్పుడే పీకేస్తే, వెనకది ముందుకి జరిగి ఖాళీ మూసేస్తుంది. తర్వాత రావాల్సిన పెద్ద పన్నుకి చోటు లేక పక్కకో, లోపలికో మొలుస్తుంది, లేదా ఎముకలోనే ఇరుక్కుంటుంది. పన్నెండేళ్ళకి క్లిప్పులు వేయించుకోవడానికి వచ్చే పిల్లల్లో ఇలాంటివాళ్ళని నేను తరచూ చూస్తుంటాను.

పీకక తప్పని సందర్భాలూ ఉన్నాయి. వేరు చాలావరకు కరిగిపోయినా, చీము ఎముకని బాగా తినేసినా నేనే పీకుతాను. అప్పుడు ఖాళీ మూసుకుపోకుండా స్పేస్ మెయింటైనర్ అనే చిన్న లోహపు తీగ అమరిక పెట్టాలి. దానికీ ఖర్చవుతుంది, మధ్యమధ్య చూపించుకోవాలి. పీకేస్తే ఖర్చు తప్పుతుందన్న మాట ప్రతిసారీ నిజం కాదు.

పల్లె బడి టీచర్, వినుకొండ వైపు:
డాక్టర్ గారూ, మీరు చెప్పింది అర్థమైంది. కానీ మా బడిలో పిల్లల నోళ్ళు చూస్తే మీకు ఏడుపొస్తుంది. కూలికెళ్ళే తల్లి ఒక రోజు పని మానుకుని, బస్సెక్కి టౌనుకి వెళ్ళడమే గగనం. మూడుసార్లు రమ్మంటే ఎలా వస్తుంది? ఎనిమిది వేలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? మందుల షాపులో నాలుగు మాత్రలు కొంటుంది, నొప్పి తగ్గుతుంది, బిడ్డని బడికి పంపుతుంది. ఆమెని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆమెకి పీకించడమే అందుబాటులో ఉన్న వైద్యం.

పిల్లల పళ్ళ డాక్టర్, విశాఖ:
టీచర్ గారూ, ఆ తల్లిని నేనూ తప్పుపట్టను. అయితే ఆ మాత్రల గురించి ఒక్క మాట ఆమెకి చేరవేయండి. నొప్పి ఆగిపోతే పన్ను బాగైందని అర్థం కాదు. చాలాసార్లు లోపల నరం చచ్చిపోయి నొప్పి ఆగుతుంది. చీము మాత్రం అడుగున పడుతూనే ఉంటుంది. చిగురు మీద చిన్న పొక్కులా లేస్తే అదే గుర్తు. ఆ ఇన్ఫెక్షన్ కింద తయారవుతున్న పెద్ద పన్ను ఎనామిల్‌ని, అంటే గట్టి పైపొరని కూడా పాడుచేయగలదు. ముఖం వాచి, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఖర్చు విషయానికొస్తే విజయవాడ, కడప, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. పిల్లలకి విడిగా విభాగం ఉంటుంది, ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. దూరం, రద్దీ నిజమే.

పుచ్చు నరం దాకా వెళ్ళకముందే దొరికితే ఇంజెక్షన్ లేని దారులున్నాయి. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అని ఒక ద్రావణం ఉంది. బ్రష్‌తో పూస్తే చాలావరకు పుచ్చు ముదరకుండా ఆగుతుంది. పుచ్చిన చోటు నల్లబడుతుంది, ఆ సంగతి ముందే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పల్లె బళ్ళలో క్యాంపులు పెట్టి ఇది పూయాలని నేను అడగని చోటు లేదు. రాత్రిళ్ళు నొప్పి పెడుతున్న పన్నుకి మాత్రం ఇది పనికిరాదు.

నల్లగొండ బిడ్డ:
ఫ్లోరైడ్ అనగానే మాకు గుండె జారుతుంది. మా ఊరి బోరు నీళ్ళతో నా పళ్ళు గోధుమరంగు తిరిగినయి. మా పెద్దనాన్న నడుము వంగిపోయి పోయిండు. ఇప్పుడు భగీరథ నీళ్ళు వస్తున్నయి గానీ, నా బిడ్డకి ఫ్లోరైడ్ పేస్ట్ ఇయ్యాల్నంటే చెయ్యి రాదు. వేప పుల్లతోనే తోమిస్తున్న. తప్పా?

పిల్లల పళ్ళ డాక్టర్, విశాఖ:
మీ భయానికి కారణం ఉందన్నా. మీ ఇళ్ళల్లో జరిగింది ఏళ్ళ తరబడి ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు కడుపులోకి వెళ్ళడం వల్ల. లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, ఒకటిన్నర దాటకూడదు. ముందు ఇప్పుడు తాగే నీళ్ళు పరీక్ష చేయించండి. పేస్ట్ తోమి ఉమ్మేసేది. మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు, మీరే వేసి, దగ్గరుండి ఉమ్మించండి. నీళ్ళలో ఇంకా ఎక్కువుంటే పేస్ట్ సంగతి అక్కడి డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి. వేప పుల్ల తప్పు కాదు, కానీ చిన్న పిల్లల దవడపళ్ళ సందుల్లోకి అది చేరదు. పుచ్చు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే.

ఖమ్మం నాన్న:
డాక్టర్ గారు పళ్ళ వయసు గురించి చెప్పింది ఒప్పుకుంటున్నాను, అది నాకు ఎవరూ చెప్పలేదు. కానీ పిల్లల్ని అదిమిపట్టి చేయడం మీద నా మాట మార్చుకోను. తెనాలి చెల్లెమ్మా, ఎక్కడ చేయించినా ఎక్స్‌రే తీసి నీకు చూపించమను. పక్కన నువ్వు కూర్చోవచ్చా అని ముందే అడుగు. భయపడితే ఆపి ఇంకో రోజు చేస్తారా అని అడుగు. కాదంటే లేచి వచ్చెయ్.

చిన్నూ వాళ్ళ అమ్మ, తెనాలి:
అందరికీ దణ్ణాలు. అత్తయ్యగారిని కూడా వెంటబెట్టుకుని విజయవాడ కాలేజీకి వెళ్ళొచ్చాం. ఎక్స్‌రేలో పన్ను వేళ్ళు గట్టిగా ఉన్నాయి, వాటి మధ్య పెద్ద పన్ను మొగ్గలా కనిపించింది. అత్తయ్యగారు ఆ ఫిలిం వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. "దీని కోసం అది కాపలా ఉందన్నమాట" అన్నారు. ఉంచాలనే నిర్ణయించాం. ముందు పన్నుకి ఏమీ వద్దు, బాగా తోమించండి చాలన్నారు. మొదటి రోజు బాబుకి అద్దం చేతికిచ్చి పళ్ళు లెక్కపెట్టించి, నొప్పి తగ్గడానికి పన్నులో మందు పెట్టి పంపేశారు. అసలు వైద్యం మంగళవారం. రాత్రి నిద్రపోయాడు. పడుకోబోయే ముందు పాలసీసా మాన్పించమన్నారు, అదే ఇప్పుడు మా ఇంట్లో పెద్ద పోరు. ఎవరైనా మాన్పించినవాళ్ళుంటే ఎలా చేశారో చెప్పండి.