కీళ్లవాతానికి ఇమ్యూనిటీ తగ్గించే మందు వాడుతూ, పెంచే పొడులు కూడా తినొచ్చా?

అందరికీ నమస్కారం. మా అమ్మకి 52 ఏళ్లు. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి గంట దాకా పిడికిలి పట్టదు. రెండు మణికట్లూ వాచాయి. రక్తపరీక్షలో యాంటీ సీసీపీ (ఈ జబ్బులో కనిపించే యాంటీబాడీ) పాజిటివ్, సీఆర్‌పీ (ఒంట్లో వాపుకి గుర్తు) ఎక్కువ. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్, వేరే రోజు ఫోలిక్ యాసిడ్ రాశారు. (మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే ప్రమాదమట, అందుకే స్ట్రిప్ నా దగ్గరే పెట్టుకున్నాను.)

నాకు అర్థమైనంత వరకు ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదు. బయటి క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద పడుతుంది. అక్కడ చేరిన కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 6 లాంటి వాపు పెంచే ప్రొటీన్లు వదులుతాయి. దాంతో ఆ పొర వాచి, మందమై, మెల్లగా మృదులాస్థినీ ఎముకనీ తినేస్తుంది. మందు ఆ దాడిని అణచడానికే.

మరి చుట్టాలేమో "ఇమ్యూనిటీ తగ్గింది, పెంచాలి" అంటూ పొడులు, కషాయాలు తెచ్చిస్తున్నారు. దారి తప్పిన సైన్యానికి ఇంకా ఆయుధాలిచ్చినట్టు కాదా? అమ్మ మాత్రం వాళ్ల మాటే నమ్ముతోంది, అదే నా టెన్షన్.

మెథోట్రెక్సేట్ పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. వాడినవాళ్లు చెప్పండి, మీకు తేడా ఎప్పుడు తెలిసింది? జ్వరమో ఇన్‌ఫెక్షనో వస్తే ఆ వారం మందు ఆపమన్నారా? లివర్ పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించారు?