సమస్య: తనను తానె తినుచుఁ దనువు నిలుచు

నిర్వాహకుడు: పొద్దున్నుంచి ఈ పాదం నోట్లోంచి పోవట్లేదు. కణం తన భాగాలను తానే తినే తీరును విప్పినందుకే యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. పూరణ జంతుకణం దాటి పోకూడదు. విరహాలూ వైరాగ్యాలూ వద్దు.

గణవిభజన:
చెడిన భాగములను జేరదీసి పొరను
జుట్టి యామ్లరసపుఁ జురుకు జూపి
కరగఁజేసి దానఁ గణము గొత్తవి గట్టు
తనను తానె తినుచుఁ దనువు నిలుచు

యతిప్రియ: "చేరదీసి" దగ్గర ఆగిపోయాను. అనాథను చేరదీసినట్టు దగ్గరికి తీసుకుని, ఆ వెంటనే ఆమ్లం! "చురుకు" కూడా ఉత్త పాదపూరణం కాదు. లైసోజోమ్, అంటే కణంలో చెడినవాటిని కరిగించే ఎంజైముల సంచి, లోపల పీహెచ్ 5కి అటూఇటూగా ఉంటే, బయట కణద్రవ్యంలో 7.2 దాకా ఉంటుంది. అందుకే సంచి కాస్త కారినా ఆ ఎంజైములు బయట పెద్దగా పనిచేయలేవు.

సీసమాలిక:
కేంద్రకమ్ము పంపఁ గీలక సూత్రమ్ము
రైబొజోము దాని రాతఁ జదువ
శక్తి నిచ్చు గదులు సడలి పాతవి గాఁగ
తనను తానె తినుచుఁ దనువు నిలుచు

గణవిభజన: మైటోకాండ్రియాను "శక్తి నిచ్చు గదులు" అనడం బాగుంది. కానీ రైబోజోముకు దీర్ఘం పీకేశారేమండీ? బేసి పాదంలో పెడితే నిక్షేపంగా పడుతుంది: "వచ్చు లేఖఁ జదువ వలయు రైబోజోము". పోయిన సమస్యలో జంతుకణానికి కవచం తొడిగిందీ మీరే.

సీసమాలిక: అన్యదేశ్యానికి హ్రస్వం చెల్లుతుందనే నా పట్టు. ఆ కవచం గొడవ మళ్లీ ఎందుకు? నేనన్నది ప్లాస్మాపొరనే. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో ఎంచేదాన్ని కవచమంటే తప్పేముంది?

యతిప్రియ: తప్పేనండి. కణకవచం మొక్కలది, సెల్యులోజ్‌తో కట్టిన గట్టి గోడ. మన కణానికున్నది రెండు వరుసల కొవ్వు పొర, ఎటంటే అటు వంగుతుంది. గోడే ఉంటే తెల్లరక్తకణం బ్యాక్టీరియాను చుట్టి మింగగలదా?

మొలకపద్యం:
తోకకప్ప యెదిగి దూకెడి వేళకుఁ
దోక కణపు సంచి తూము లెత్త
అంత కరిగి మేని కాహార మౌచుండ
తనను తానె తినుచుఁ దనువు నిలుచు

గణవిభజన: అబ్బ, "తూము లెత్త"! తోక తెగి రాలదు, లైసోజోముల ఎంజైములే దాన్ని కరిగిస్తాయి. రూపం మారే ఆ రోజుల్లో అది మేత ముట్టదు కాబట్టి మూడో పాదం అక్షరాలా నిజం. ఒక్కటే సందేహం. "మేనికి + ఆహారము" దగ్గర ఇకారసంధి మీద స్వరయతి, అంటే సంధిలో కలిసిపోయిన అచ్చుకు యతి, ఒప్పుకుందామా?

సీసమాలిక: నాకు దీర్ఘం దగ్గర మినహాయింపు లేదు గానీ ఇక్కడ ఉందా?

నిర్వాహకుడు: స్వరయతి చెల్లుతుంది. రైబోజోముకు మాత్రం దీర్ఘం ఉండాల్సిందే, గణవిభజన గారి సవరణ తీసుకోండి. అన్నట్టు, 1898లో కెమిల్లో గాల్జీ చూపిన ఆ పొరల దొంతరను ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. లైసోజోముకు ఎంజైములు చేరేది దాని మీదుగానే కదా. రేపు రాత్రి దాకా గడువు.