‘నా హృదయములో ఇది సినీవాలి’: ఈ సినీవాలి ఎవరు?

మొన్న ఆరెంజ్ సినిమా పాటల మీద మన గ్రూపులో మాటలు నడుస్తుంటే ఒకరు, సినిమా పోయినా పాటలు నిలబడ్డాయంటే అది ట్యూన్ గొప్పే, సాహిత్యం ఎవరు వింటారండీ అన్నారు. ఆరెంజ్ (2010), ఓయ్ (2009) వరకు ఆ మాట చాలావరకు ఒప్పుకుంటాను. హారిస్ జయరాజ్ బాణీలు, యువన్ శంకర్ రాజా బాణీలు ఆ రెండు సినిమాల్నీ ఇన్నేళ్ళు బతికించాయి, రీరిలీజ్ చేస్తే జనం హాల్లో కూర్చుని గొంతు కలిపి పాడారు. కానీ చక్రం సంగతి వేరు. అందులో ‘జగమంత కుటుంబం నాది’ నిలబడింది మాట బలం మీద. అది కూడా సగం మందికి అర్థం తెలియని ‘సినీవాలి’ అనే మాటతో ముగిసే పాట.

చక్రం 2005 మార్చిలో వచ్చింది. కృష్ణవంశీ దర్శకుడు, చక్రి సంగీతం. అంతకు ముందు ఏడాదే వర్షం సినిమాలో ప్రభాస్‌ని చూసి ఈలలు వేసిన జనానికి, క్యాన్సర్ సంగతి దాచిపెట్టి ఒక కాలనీలో చేరి అందర్నీ నవ్విస్తూ తిరిగే కుర్రాడి కథ, అదీ చావుతో ముగిసే కథ, మింగుడు పడలేదు. సినిమా ఆడలేదు. ఆ ఏడాది కృష్ణవంశీకి దర్శకుడిగా, సిరివెన్నెల సీతారామశాస్త్రి గారికి ఈ పాటకు నంది అవార్డులు వచ్చాయి. ఇవాళ చక్రంలో ఒక సీన్ చెప్పమంటే తడుముకునేవాళ్ళు కూడా పల్లవి ఎత్తుకోగానే అందుకుంటారు. 2021 నవంబర్ 30న శాస్త్రి గారు పోయినప్పుడు ఎవరి స్టేటస్ చూసినా ఈ పాటే.

ఇక మాటల్లోకి వెళ్దాం. మొదటి మాట దగ్గరే చాలామంది జారిపోతారు. అది ‘జగమంతా’ కాదు, ‘జగమంత’. కొండంత అండ, ఊరంత సందడి అంటామే, ఆ ‘అంత’. జగమంతా నా కుటుంబం అంటే వసుధైవ కుటుంబకం, అందరూ చెప్పే మాటే. జగమంత కుటుంబం అన్నప్పుడు ఆ అర్థం ఎక్కడికీ పోదు, పైగా కుటుంబానికి జగత్తంత కొలత కూడా వచ్చి చేరుతుంది. అంత పెద్ద కుటుంబం ఉన్నవాడు వెంటనే ‘ఏకాకి జీవితం నాది’ అంటాడు. ఒక దీర్ఘం తీసేయడం వల్ల ఆ రెండో ముక్క ఎంత లోతుకు దిగిందో చూడండి. తర్వాత ‘సంసారం సాగరం నాదే’. సంసార సాగరం అని సమాసం చేస్తే అరిగిపోయిన మాట అయ్యేది. విడగొట్టి పక్కపక్కన నిలబెట్టాడు కాబట్టి సంసారమూ నాదే, సాగరమూ నాదే అని రెండూ మిగిలాయి.

నాకు ఈ పాట మొత్తానికి ఇరుసులా కనిపించేది ‘కంటున్నాను నిరంతరం’. తెలుగులో కనడం అంటే చూడటం, కనడం అంటే బిడ్డకు జన్మనివ్వడం, కల కూడా కంటాం. ఏం కంటున్నాడో వరసగా చెబుతాడు: కలల్ని, కథల్ని, మాటల్ని, పాటల్ని... ఇక్కడిదాకా మూడు అర్థాలూ సరిపోతాయి. ఆ వరస చివర ‘ఆడపిల్లల్ని’ అంటాడు. అక్కడికొచ్చేసరికి కనడం అంటే ప్రసవమే. మనసు ముందుకు వస్తుంది ఆ అర్థం, వచ్చి మిగతా వరసనంతా వెనక్కి వెళ్ళి మార్చేస్తుంది. ఇదంతా ఒంటరిగా ఉన్న మగవాడు చెప్పుకుంటున్నాడని మర్చిపోకండి. కవినై, కవితనై, భార్యనై, భర్తనై అని ముందే చెప్పుకున్నాడు, తనతో తనే కాపురం చేసి తనే కంటున్నాడు.

సినిమా ఈ పాటను మోయలేకపోయింది అని నేను అనేది ఇందుకే. హీరో జబ్బు మనిషి, ఊరందరికీ కావలసినవాడు, కాబట్టి పల్లవి అతనికి సరిగ్గా సరిపోయింది. చరణాల్లోకి వెళ్తే అక్కడ మాట్లాడుతున్నది పాటలు కనే మనిషి, కవి. కథలో హీరోకి ఆ పని లేదు. పాట కథను దాటి వెళ్ళిపోయింది. కథ తెలియనివాడికి కూడా లోటు తెలియకుండా వినబడటానికి కారణం అదే అనిపిస్తుంది నాకు.

ఆఖరి చరణం ఇంకా నిమ్మళంగా వినాల్సింది. ‘గాలి పల్లకీలోన తరలి నా పాట పాప ఊరేగి వెడలె’. పల్లకి, ఊరేగింపు, వెళ్ళిపోతున్న పాప: ఇది అప్పగింతల ఘట్టం. కన్న ఆడపిల్లను అత్తారింటికి పంపుతున్నారు. పాట గాలిలోకి వెళ్ళింది, గొంతు వాకిలి మూసుకుంది, లోపల గుండె ఒక్కటీ మూగగా మిగిలింది. ఆడపిల్లను పంపిన ఇల్లు ఆ సాయంత్రం ఎలా ఉంటుందో పెళ్ళి చేసిన ప్రతి తెలుగు ఇంటికీ తెలుసు. ఆ గుండెనే పట్టుకుని, అదే నా లోగిలి, అదే నా పాటకు తల్లి, అదే నాకు ఆలి అంటూ పోయి ‘సినీవాలి’ దగ్గర ఆగుతాడు.

చిన్నప్పుడు అమరకోశం, అంటే శ్లోకాల్లో ఉన్న ఆ సంస్కృత నిఘంటువు, వల్లెవేసినవాళ్ళకు ఇది తెలిసిన మాటే. ‘సా దృష్టేందుః సినీవాలీ సా నష్టేందుకలా కుహూః’ అని ఉంది. చంద్రుడు సన్నగా కంటబడే అమావాస్య సినీవాలి. చంద్రకళ బొత్తిగా కనబడనిది కుహూ. పున్నమికి కూడా ఇలాగే రెండు పేర్లున్నాయి, అనుమతి, రాక. రాకా చంద్రుడు, రాకేందువు మన పద్యాల్లోనూ పాటల్లోనూ తిరుగుతూనే ఉంటారు, అమావాస్య పేర్లనే ఎవరూ ముట్టుకోరు. సిరివెన్నెల అని ఇంటిపేరులా పెట్టుకున్న కవి వచ్చి ముట్టుకున్నాడు. పాట వెళ్ళిపోయాక గుండెలో మిగిలినది కుహూ అనలేదు చూడండి, సన్నటి చంద్రుడి గీత మిగిలిన చీకటి అన్నాడు.

అంతటితో ఆగితే ఇది మంచి నిఘంటు పదం, అంతే. కానీ సినీవాలి వేదంలో దేవత. రుగ్వేదం పదో మండలంలో ‘గర్భం ధేహి సినీవాలి గర్భం ధేహి సరస్వతి’ అని ఉంది, గర్భం నిలపమని సినీవాలినీ సరస్వతినీ ఒకే ఊపిరిలో అడిగే మంత్రం. సంతానాన్నిచ్చే దేవత పక్కన వాక్కుకు దేవత! కంటున్నాను అని మొదలుపెట్టి, ఆడపిల్లల్ని అని, పాట పాప అని, పాటకి తల్లి అని నడిపించుకుంటూ వచ్చి సినీవాలి దగ్గర ఆపడం ప్రాస కోసం జరిగిన పని అంటే నేను నమ్మను. ఆలికి ప్రాస కుదిరింది నిజమే. ప్రాస కుదిరే మాటలు బోలెడుండగా, కాన్పు తల్లిని తెచ్చి కూర్చోబెట్టాడు. బిడ్డ వెళ్ళిపోయిన ఇంట్లో మళ్ళీ కనడానికి కావలసిన దేవత ఉంది.

అందులో ‘సినీ’ వినబడుతుంది కదా, సినిమా మీద విసురేమో అని అడిగారొకరు. వినబడటం నిజం, సినిమా కవి చెవికి అది వినబడకుండా ఉండదు. విసురు మాత్రం నాకు కనిపించలేదు. తన పాటలు పుట్టిన చోటు పేరు ఆ దేవత పేరులోనే దొరికింది, వాడుకున్నాడు అనుకుంటున్నాను.

ట్యూన్ సంగతి. చక్రిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఇన్ని మాటలకు చోటిచ్చి వాద్యాల్ని అదుపులో పెట్టింది ఆయనే. పాడిన శ్రీ కూడా సంగీత దర్శకుడే, గాయం సినిమాలో ‘నిగ్గదీసి అడుగు’ పాటకు బాణీ కట్టింది ఆయనే. అలంకారాలేవీ లేకుండా మాట మాటా విడిగా వినబడేలా పాడాడు. అంటే ఆ బాణీ, ఆ గొంతు రెండూ సాహిత్యానికి దారి ఇచ్చాయి. ఎవరూ వినని సాహిత్యానికి అంత దారి ఎవరిస్తారు?

కష్టమైన మాట వేస్తే సినిమా పాట జనంలోకి వెళ్ళదన్న వాదన కూడా ఈ పాట దగ్గర నిలవదు. పాటల పుస్తకాలు హాలు బయట అమ్మిన రోజుల్లో అయితే అచ్చులో చూసుకునేవాళ్ళం, చక్రం నాటికి అదీ లేదు. విన్నది విన్నట్టు పాడుకుని, అర్థం తెలియని మాట గురించి ఇరవై ఏళ్ళుగా ఒకర్నొకరు అడుగుతూనే ఉన్నారు. ఈ గ్రూపులోనే ఎన్నిసార్లు వచ్చిందో వెతికితే కనిపిస్తుంది.

అడ్మిన్లకు ఒక మనవి. గ్రూపు ఫైల్స్‌లో ఉన్న ఈ పాట పాఠంలో ‘జగమంతా’ అనీ, ‘సినీ వాలి’ అని రెండు ముక్కలుగానూ ఉంది. రెండూ సరిచేయండి. ‘సంసార సాగరం’ అని కూడా ఎవరో దిద్దినట్టున్నారు, అది మళ్ళీ ‘సంసారం సాగరం’ చేయాలి. సినీవాలి అని గానీ కుహూ అని గానీ పాత తెలుగు పద్యాల్లో ఎవరికైనా తగిలితే పద్యం పూర్తిగా, కావ్యం పేరుతో కింద పెట్టండి, అన్నీ ఒకచోట చేరుద్దాం.