అప్‌డేట్: నోవహు ఆజ్ఞల గురించి మైమోనిడీస్ వాక్యం – సందేహం తీరింది, చాలావరకు

యూదులు కానివారు రాబోవు లోకంలో (చనిపోయాక దక్కే శాశ్వత జీవితంలో) భాగం పొందాలంటే యూదమతంలో చేరవలసిందేనా అనీ, నోవహు సంతతికి, అంటే మానవులందరికీ, విధించిన ఏడు ఆజ్ఞలను దైవాజ్ఞగా కాక కేవలం బుద్ధితో ఆలోచించి పాటించేవాడు ‘అన్యజనుల పుణ్యాత్ములలోనివాడు కాడు, వారి జ్ఞానులలోనివాడు కూడా కాడు’ అని 12వ శతాబ్దపు యూద ధర్మశాస్త్రవేత్త మైమోనిడీస్ ఎందుకు రాశాడనీ ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

తోసెఫ్తా (తొలినాటి రబ్బీల, అంటే యూద మతగురువుల, బోధనల సంకలనం) చూడమన్న సలహాతో మొదటిది తేలిపోయింది. అన్యజనులలోని నీతిమంతులకూ రాబోవు లోకంలో భాగముందని రబ్బీ యెహోషువ అన్నాడు, మైమోనిడీసూ ఆ మాటనే అనుసరించాడు.

రెండోదాన్ని హీబ్రూ బోధించే ఒక ఆచార్యులకు చూపించాను. అచ్చుప్రతుల్లో ‘వెలో’, అంటే ‘కూడా కాదు’, అని ఉన్నచోట మేలైన వ్రాతప్రతుల్లో ‘ఎల్లా’, అంటే ‘అయితే’, అని ఉందనీ, హీబ్రూలో తేడా ఒక్క అక్షరమే అయినా అర్థం ‘జ్ఞానులలోనివాడే’ అని తలకిందులవుతుందనీ ఆయన వివరించారు. 1670లో తత్త్వవేత్త స్పినోజా ఈ వాక్యంపై చేసిన విమర్శకూ, 1773లో యూద తత్త్వవేత్త మెండెల్సన్ రబ్బీ యాకోబ్ ఎమ్డెన్‌కు రాసిన ఉత్తరంలోని ఆవేదనకూ మూలం అచ్చుపాఠమే. అయితే అలాంటివాడు ‘పుణ్యాత్ముడు కాడు’ అన్న భాగం రెండు పాఠాల్లోనూ ఉంది కనుక, నా ఇబ్బంది సగమే తీరిందని ఒప్పుకోవాలి.