బేస్‌బాల్‌లో గ్రౌండ్ బాల్ (నేల మీద దొర్లి వచ్చే బంతి) జారిపోతోంది, త్రో కుడివైపు వంగుతోంది: ఏ డ్రిల్స్ మంచివి?

ప్రశ్న: మా జట్టు షార్ట్‌స్టాప్‌కి (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) పన్నెండేళ్లు, కుడిచేతి వాటం. బంతి గ్లవ్ కిందనుంచి దూరిపోతోంది. ఫస్ట్ బేస్‌కి వేసే త్రో కుడివైపు వంగుతోంది. ఏం చేయించాలండీ?

జవాబు 1: గ్లవ్ ఆలస్యంగా దిగుతోంది. బంతి రాకముందే నేలకు ఆనించాలి. ఎగిరితే పైకి లేపడం తేలిక, ఆఖరి క్షణంలో దించడం కష్టం. ముందు గ్లవ్ లేకుండా, ఇద్దరూ 10 అడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని మెత్తటి బంతి దొర్లించుకోవాలి. రెండు చేతులూ శరీరానికి ముందుండాలి. ఆ తర్వాతే గ్లవ్‌తో షార్ట్ హాప్స్: బంతి గ్లవ్‌కి అడుగు ముందు పడేలా విసరండి. తల పక్కకు తిప్పేస్తుంటే మళ్లీ మెత్తటి బంతికే వెళ్లండి, తొందరొద్దు.

జవాబు 2: త్రో వంగడానికి ఎక్కువగా బంతిని పట్టుకునే తీరే కారణం. చూపుడువేలు, మధ్యవేలు కుట్లకు అడ్డంగా, బొటనవేలు సరిగ్గా కింద ఉండాలి. వేళ్లు పక్కకు జారితే బంతి పక్కకు తిరుగుతుంది. బంతి చుట్టూ రంగు టేప్ ఒక వరస చుట్టి, రెండు వేళ్ల మధ్య ఆ గీత ఉండేలా పట్టించి, కుడి మోకాలి మీద కూర్చోబెట్టి 30 అడుగుల నుంచి వేయించండి. గీత ఊగకుండా నిలువుగా కనిపిస్తే పట్టు కుదిరినట్టే. మోచేయి భుజం కంటే కిందికి దిగినా ఇలాగే వంగుతుంది, అదీ చూడండి.

జవాబు 3: పాదాలు కూడా! పట్టగానే కుడి పాదం అడ్డంగా పెట్టి, ఎడమ భుజం ఫస్ట్ బేస్ వైపు తిప్పాకే వేయాలి. నొప్పి అంటే ఆ రోజుకి త్రోలు ఆపేయండి.