అప్‌డేట్: పాకాల అడవిలో ట్రెక్కింగ్ సంగతి

పోయిన నెల అడిగింది గుర్తుందా? వరంగల్ దగ్గర అభయారణ్యమైన పాకాల అడవిలో, చెరువు దాటి కాలిబాటన నడుస్తుంటే అటవీ సిబ్బంది వెనక్కి పంపారు, బోర్డే లేని చోట ఇదేం న్యాయం అని. పర్మిట్ లేకుండా లోపలికి పోకూడదని మీరన్నదే నిజం, తప్పు మాదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 27వ సెక్షన్ చదివాను. అభయారణ్యం గుండా పబ్లిక్ రోడ్డు మీద పోవచ్చు, లోపల ఆస్తి హక్కు ఉన్నవాళ్లు పోవచ్చు. మాలాంటి వాళ్లకు పర్మిట్ ఉండాల్సిందే. పశువులు తొక్కిన బాట రోడ్డు కాదు కదా, నా వాదన అక్కడే పోయింది!

టూరిజం, ఫొటోగ్రఫీకి 28వ సెక్షన్ కింద పర్మిట్ ఇస్తారట. అప్లికేషన్ పెట్టాం, ఇంకా రాలేదు. హద్దు రాళ్లు పొదల్లో కనిపించకుండా పోయాయన్న కోపం మాత్రం తగ్గలేదు. ఈలోగా ఆదివారం నడక భద్రకాళి చెరువు కట్ట మీదే.